పికప్పు బండికి ఏ ఇంజను?

మా భీమవరం ప్రాంతంలో సామాను తరలించవలసి వచ్చినవాడు "ఒక డీసీఎం మాట్లాడండి" అంటాడు. వచ్చే బండి ఏ కంపెనీదైనా సరే, అది డీసీఎమ్మే. ఆ మూడక్షరాలకు అర్థం ఢిల్లీ క్లాత్ మిల్స్ అని, అది ఒక బట్టల మిల్లు పేరని, ఆ సంస్థ జపాను దేశపు టొయోటాతో కలిసి 1980లలో తేలికపాటి లారీలు తయారు చేసిందని, 1990లలో ఆ కర్మాగారం కొరియా దేశపు దేవూ చేతికి పోయిందని ఆ మాట వాడేవారిలో నూటికి తొంభైమందికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. శబ్దాలలో యౌగికాలు, రూఢాలు, యోగరూఢాలు అని మూడు విధాలున్నాయని తరగతిలో చెప్పేటప్పుడు యోగరూఢానికి "పంకజం" ఉదాహరణగా ఇచ్చేవాళ్ళం. కేవల రూఢానికి మాత్రం డీసీఎం కన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కంపెనీ పోయింది, బండి పోయింది, పేరు మిగిలింది.

"పికప్పు" అనే మాట కథ కూడా ఇటువంటిదే. నా చిన్నతనంలో పికప్పు అంటే బండి కాదు, ఇంజనుకుండే ఒక గుణం. "ఈ బండికి పికప్పు లేదండీ" అంటే యాక్సిలరేటరు తొక్కినా చప్పున అందుకోవడం లేదని అర్థం. ఇప్పుడు ముందు ఇద్దరో ముగ్గురో కూర్చునే గది, వెనుక తెరిచిన తొట్టి ఉన్న చిన్న సరుకుల బండి పికప్పు అయింది. కనుక "పికప్పుకు పికప్పు లేదు" అని అనడానికి ఇప్పుడు మన భాషలో ఏ అభ్యంతరమూ లేదు.

ఈ వ్యాసానికి కారణం ఒక ప్రశ్న. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు చెరువుల దగ్గర నుంచి ప్యాకింగ్ షెడ్లకు చేపలు, రొయ్యలు తోలే వృత్తిలో ఉన్నాడు. కుర్రవాడంటున్నాను గాని నలభై దాటినవాడు. ఫైనాన్సు మీద కొత్త పికప్పు తీసుకోవాలనుకుని, డీజిలా, పెట్రోలా, సీఎన్‌జీయా, బ్యాటరీయా తేల్చుకోలేక, "మేష్టారండీ, నలుగురు నాలుగు చెబుతున్నారు. మీరు పుస్తకాలు తిరగేస్తారు కదా, కాస్త చూసి చెప్పండి" అన్నాడు. అతను అప్పుచేసి పెట్టబోయే సొమ్ము అతని ఇంటి విలువలో సగం ఉంటుంది. తెల్లవారుజామున చెరువు పట్టుబడి మొదలైతే, ఐసు కరగకముందు సరుకు షెడ్డుకు చేరాలి. దారిలో బండి మొండికేస్తే రొయ్య మెత్తబడుతుంది, కొనేవాడు ధర తెగ్గోస్తాడు, ఆ నష్టం ఎవరిదన్న తగవు బండివాడి మెడకు చుట్టుకుంటుంది. కనుక ఇంజను ఎంపిక అతనికి అలంకారశాస్త్రం కాదు. నేను మెకానిక్కును కాను. అయితే మన డెల్టా ఇటువంటి ప్రశ్నను ఇంతకుముందు నాలుగైదు సార్లు ఎదుర్కొని, ప్రతిసారీ ఒక్కో సమాధానం చెప్పుకుంది. ఆ సమాధానాలు ఎందుకు మారాయో చూస్తే దారి కనబడుతుందని నా నమ్మకం.

మొదటి సమాధానం అసలు ఇంజనే అక్కరలేదన్నది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో కాటను దొర పొలాలకు నీళ్ళు మాత్రమే ఇవ్వలేదు, సరుకుకు దారి కూడా ఇచ్చాడు. కాలువలు పడవలు నడవడానికి కూడా అనువుగా, లాకులతో సహా కట్టినవి. ధాన్యపు బస్తాలు నింపిన పడవను గట్టుమీద మనుషులు తాడు కట్టి లాగేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. ఏలూరు కాలువ మీదుగా కృష్ణకు, అక్కడినుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా చెన్నపట్నానికి జలమార్గం ఉండేది. నీటిమీద తేలే బరువును కదిలించడానికి ఎంత తక్కువ బలం చాలునో, అదే బరువును రేగడి బురదలో చక్రాలమీద లాగడానికి ఎంత బలం కావాలో ఎడ్లబండి తోలినవాడికి చెప్పనక్కరలేదు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోవాలి. చెరువు గట్టుమీద పికప్పు నడిపేవాడి కష్టం ఇప్పటికీ అదే.

ఇంజను మన ఊళ్ళకు రోడ్డు మీదుగా రాలేదు. మిల్లు గుమ్మంలోంచి, పొలం గట్టు మీదుగా వచ్చింది. ఊకతో నీళ్ళు కాచి ఆవిరి పుట్టించే బియ్యపు మిల్లులు ఒక పక్క, ఆయిలింజన్లు మరొక పక్క. చెన్నరాజధానిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు 20వ శతాబ్ది తొలి దశకంలోనే ఆయిలింజనుతో నీళ్ళు తోడించే ప్రయోగాలు చేసి రైతులచేత కొనిపించాడు. స్వాతంత్ర్యానికి ఒక ఏడు ముందు, 1946లో, పూనాలో కిర్లోస్కర్ ఆయిలింజన్ల కంపెనీ పెట్టారు. "ఆయిలింజను" అన్న మాట తెలుగులో ఎంతగా ఇమిడిపోయిందంటే అందులో సంధి జరిగిందన్న స్పృహ కూడా ఎవరికీ ఉండదు.

ఇక్కడ రెండు రకాల ఇంజన్ల భేదం కాస్త వివరంగా చెప్పాలి. తక్కినదంతా దానిమీదే ఆధారపడి ఉంది. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నాలుగు దెబ్బల ఇంజనును నిలబెట్టాడు. పీల్చుట, నొక్కుట, మండుట, వదలుట అని నాలుగు. అందులో ఇంధనం గాలితో ముందే కలిసి లోపలికి వెళ్ళి, నిప్పురవ్వ తగిలి మండుతుంది. పెట్రోలు ఇంజను ఈ వంశం. ఆటోగారి మొదటి ఇంజను పెట్రోలుతో కాదు, గ్యాసుతో నడిచింది. కనుక ఈనాటి సీఎన్‌జీ బండ్లవారు ఇదేదో కొత్త వింత అనుకోనక్కరలేదు. రెండో వంశానికి మూలపురుషుడు రుడాల్ఫ్ డీజిల్. పారిసులో 1858లో పుట్టిన జర్మనుడు. నిప్పురవ్వ అక్కరలేకుండా, గాలిని మాత్రమే సిలిండరులో ఇరవై వంతులకు దరిదాపుగా కుదించి, ఆ ఒత్తిడికే గాలి అయిదారు వందల డిగ్రీలకు వేడెక్కేటట్లు చేసి, అందులోకి నూనె చిమ్మితే అదే అంటుకుంటుందన్నది ఆయన పద్ధతి. 1897లో ఔగ్స్‌బర్గులో పరీక్షకు నిలిచిన ఆ ఇంజను మూడు మీటర్ల ఎత్తు ఉండేది. ఇచ్చినది సుమారు 20 అశ్వశక్తి. అయినా ఇంధనంలోని శక్తిలో నాలుగోవంతుకు పైగా పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి ఇంజన్లు ఎక్కువభాగం అందులో సగం కూడా చేయలేకపోయేవి. 1900 నాటి పారిసు ప్రదర్శనలో ఆయన రకపు ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచింది. 1913లో ఇంగ్లండుకు ఓడలో వెళుతూ ఆయన రాత్రివేళ సముద్రంలో కనబడకుండా పోయాడు. ఆత్మహత్యో, ప్రమాదమో, మరొకటో ఇప్పటికీ తేలలేదు.

డీజిలు ఇంజను బరువెక్కువ, చప్పుడెక్కువ, ఖరీదెక్కువ. అయితే తక్కువ వేగంలో తిప్పే బలం ఎక్కువ. దున్నపోతుకూ గుర్రానికీ ఉన్న తేడా అనుకోండి. గుర్రం పరుగులో గెలుస్తుంది, దమ్ములో దింపితే దున్నపోతుదే పైచేయి. ఈ దున్నపోతును మిల్లులోంచి రోడ్డుమీదికి తేవడానికి ఆయన పోయాక కూడా పదేళ్ళు పట్టింది. 1920ల నడుమ జర్మనీలో మొదటి డీజిలు లారీలు నడిచాయి. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ నూనెను కొలిచి చిమ్మే పంపును పెద్దయెత్తున తయారు చేశాకనే అది లారీకి సరిగ్గా ఒదిగింది. మన మెకానిక్కులు "పంపు, నాజిళ్ళు" అని జంటగా పలికేవి అవే.

మన రోడ్లమీద మొదట తిరిగినవి పెట్రోలు బండ్లే. వాటికి రెండో ప్రపంచయుద్ధం గండమై వచ్చింది. 1941 నుంచి పెట్రోలుకు రేషను పెట్టారు. మరుసటి ఏడు బర్మా జపాను వశమైంది. మనకు నూనె వచ్చే బర్మా బావులను వెనుదిరిగే బ్రిటిషువారే ధ్వంసం చేసి పోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, మా పొరుగున కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజులలో బస్సులు ఆగిపోకుండా నడిపినది బొగ్గు. బస్సు వెనుక నిలువెత్తు డ్రమ్ము ఒకటి బిగించి, అందులో కట్టెబొగ్గు రాజేసి, గాలి చాలీచాలకుండా అందించేవారు. అర్ధంగా మండిన బొగ్గులోంచి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానిని చల్లార్చి, వడగట్టి, పెట్రోలు ఇంజనులోకే పంపేవారు. బయలుదేరడానికి ముందు క్లీనరు చాలాసేపు తిత్తి తిప్పాలి. దారిలో బూడిద దులపాలి. బలం పెట్రోలుమీద ఉన్నదానిలో మూడింట రెండు వంతులుంటే గొప్ప. ఆ వాయువు విషం కూడా. మూసిన షెడ్డులో డ్రమ్ము రాజేయడం ప్రాణాంతకం. మా పెద్దలు ఆ బొగ్గు బస్సుల గురించి చెప్పేటప్పుడు, ప్రయాణికులు దిగి తోయడం టిక్కెట్టులో భాగమే అన్నట్లు చెప్పేవారు. ఘాట్ రోడ్లమీద ఆ బస్సు పడిన పాట్లు మన చదునునేలమీద పడలేదు. డెల్టాలో ఎక్కవలసిన కొండ లేదు. కాలువ వంతెనలే మన పర్వతాలు.

ఇక్కడొక విశేషం గమనించాలి. బొగ్గుగ్యాసు పెట్రోలు ఇంజనుకు సరిపోయింది గాని, డీజిలు ఇంజనుకు నేరుగా సరిపోదు. నిప్పురవ్వ ఉన్న ఇంజను ఏ వాయువునైనా ఆదరిస్తుంది. ఒత్తిడికి మండే ఇంజనుకు తనదైన నూనె కావాలి. 80 ఏళ్ళ తరువాత మన పికప్పు ప్రశ్నలో ఇదే భేదం తిరిగి వచ్చింది.

యుద్ధం ముగిశాక దేశంలో ఫార్గో, డాడ్జి, బెడ్‌ఫర్డు, షెవ్రొలే లారీలు తిరిగేవి. వాటిలో ఎక్కువవాటికి పెట్రోలు ఇంజన్లు. లారీ యజమానులు చేసిన లెక్క సులువైనది: పెట్రోలు ఇంజను తీసి పక్కన పెట్టి, ఆ స్థానంలో పెర్కిన్స్ డీజిలు ఇంజను బిగించడం. మద్రాసులోని సింప్సన్ కంపెనీ ఆ పెర్కిన్స్ ఇంజన్లను ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టింది. శరీరం ఒకరిది, గుండె మరొకరిది. కంపెనీవాడు ఇచ్చిన ఇంజనునే మహాప్రసాదమనుకోక, తన బరువుకు, తన రోడ్డుకు, తన జేబుకు ఏది సరిపోతుందో చూసుకుని ఇంజను మార్పించుకున్న ఆ తరం యజమానులను నేను తక్కువగా చూడలేను. ఇంజను ఎంపిక అనేది అసలు సిసలుగా జరిగినది వారి చేతులమీదుగానే.

1954లో టాటాలు జర్మనీలోని డైమ్లర్-బెంజితో పదిహేనేళ్ళ ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూరులో డీజిలు లారీలు తయారు చేశారు. ముందు మూడు కోణాల నక్షత్రం ఉండేది. 1969లో ఒప్పందం ముగిసి నక్షత్రం పోయింది, టాటా అక్షరం వచ్చింది. అయినా మా వైపు ముసలి డ్రైవర్లు చాలాకాలం దానిని "బెంజి లారీ" అనే పిలిచారు. మళ్ళీ రూఢి! ఆ లారీల ఇంజన్లకు పెట్టిన పేర్లలో ఒక చమత్కారం ఉంది. 697 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కొక్కదాని వ్యాసం 97 మిల్లీమీటర్లు. 497 అంటే నాలుగు సిలిండర్లు, వ్యాసం అదే. భూతసంఖ్యలతో శాసనాలకు తేదీలు వేసిన మన పూర్వులు ఈ పద్ధతిని మెచ్చుకునేవారే. మొదటిదాని పరిమాణం 5675 సీసీ, రెండోదానిది 2956 సీసీ. ఆ రెండో ఇంజను గురించి కాసేపట్లో చెప్పుకోవాలి.

బెంజి లారీ పది టన్నుల సరుకుకు బాగుంది. ఎడ్లబండి ఒక టన్ను లోపు సరుకుకు బాగుంది. నడుమ ఉన్న ఒకటి నుంచి మూడు టన్నులకు ఏమున్నది? చాలాకాలం పెద్దగా ఏమీ లేదు. ట్రాక్టరు ట్రక్కు కొంత పూడ్చింది. పూనాలో తయారయ్యే మెటాడోరు కొంత పూడ్చింది. 1980లలో దానికి బెంజి కార్లలో నడిచిన 2.4 లీటర్ల డీజిలు ఇంజను, ఓఎం-616 అనేది, వచ్చి చేరింది. ఈ ఖాళీని చూసి 1980ల నడుమ నాలుగు జపాను కంపెనీలు నాలుగు భారతీయ సంస్థల చేతులు పట్టుకుని దిగాయి. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం-టొయోటా, పంజాబులో స్వరాజ్-మజ్దా, మధ్యప్రదేశ్‌లో ఐషర్-మిత్సుబిషి, నాలుగోది మన తెలుగు గడ్డమీదే: జహీరాబాదులో ఆల్విన్-నిస్సాన్.

ఆల్విన్ పేరు చెబితే నా వయసువారికి ఫ్రిజ్జు, చేతిగడియారం గుర్తుకు వస్తాయి. 1942లో హైదరాబాదులో మొదలైన ఆ సంస్థ బస్సులకు, రెండంతస్తుల బస్సులకు కూడా తొడుగులు కట్టింది. అటువంటి సంస్థ నిస్సాన్ వారి తేలిక లారీని మెదక్ జిల్లాలో తయారు చేస్తుంటే మనవారికి కాస్త గర్వంగా ఉండేది. బండ్లు సుఖంగా ఉండేవి, ఇంజన్లు నిశ్శబ్దంగా ఉండేవి. అయినా 1980లు ముగిసేసరికి అది మహీంద్రాల చేతికి వెళ్ళింది. ఇప్పుడు జహీరాబాదులో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

ఎందుకిలా జరిగిందంటే, జపాను ఇంజను చెడ్డదై కాదు. 1985లో న్యూయార్కు ప్లాజా హోటలులో అయిదు ధనికదేశాలు కుదుర్చుకున్న ఒప్పందంతో యెన్ విలువ అమాంతంగా పెరిగింది. జపాను నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించేవారికి ఖర్చు తలకు మించింది. సరిగ్గా ఆ సమయంలో, 1986లో, టాటాలు 407ను దించారు. దానిలో పెట్టినది ఇందాక చెప్పిన 497 ఇంజను. పెద్ద లారీలు బాగుచేసే వీధి మెకానిక్కుకు దాని మర్మం కొట్టిన పిండి. భాగం ఏలూరులో దొరుకుతుంది, లేకపోతే విజయవాడలో దొరుకుతుంది. జపాను బండి భాగానికి ఎదురుచూడాలి. ఎక్కడో న్యూయార్కులో జరిగిన సంతకం భీమవరంలో బండి కొనేవాడి నిర్ణయాన్ని మార్చిందంటే నవ్వు వస్తుంది గాని, జరిగింది అదే. నలుగురిలో ఐషర్, స్వరాజ్ నిలదొక్కుకున్నాయి. డీసీఎం నామవాచకమై మిగిలింది.

ఈలోగా మా నేల రూపం మారిపోయింది. వరిచేలు చేపల చెరువులయ్యాయి. కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం దారిపొడుగునా ఐసు ఫ్యాక్టరీలు వెలిశాయి. బెంగాలుకు, అస్సాముకు చేపల లారీలు కట్టాయి. 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు టైగరు రొయ్యను కుంగదీసినా, 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్ళీ పుంజుకుంది. దూరపు ప్రయాణానికి పెద్ద లారీ సరే. చెరువు దగ్గర నుంచి షెడ్డు దాకా పది ఇరవై కిలోమీటర్లకు చిన్న బండి కావాలి. 2005 మేలో వచ్చిన టాటా ఏస్ ఆ అవసరానికే పుట్టినట్లు వచ్చింది. దాని ఇంజను కథ ముచ్చటైనది. అప్పటికే తయారవుతున్న ఇండికా కారు డీజిలు ఇంజను నాలుగు సిలిండర్లది, 1405 సీసీ. దానిని సరిగ్గా సగానికి కోసినట్లు రెండు సిలిండర్లతో 702 సీసీ చేశారు. కొత్తగా కనిపెట్టే ఖర్చు తగ్గింది, బండి ధర తగ్గింది. ఇచ్చేది 16 అశ్వశక్తి మాత్రమే. రెండు సిలిండర్లు కనుక ఆగినచోట బండి మలేరియా రోగిలా వణికేది. ముక్కాలు టన్ను దాని కాగితపు శక్తి. మనవారు వేసినది ఎంతో ఐసు పెట్టెలకే తెలుసు. అయినా మోసింది. డెల్టా చదునుగా ఉండబట్టి మోసింది. అరకు ఘాటుమీద ఆ బరువులు వేసి ఉంటే కథ వేరుగా ఉండేది. దానిని చూసి మారుతివారు 2016లో 793 సీసీ రెండు సిలిండర్ల డీజిలుతో బండి తెచ్చారు గాని, ఆ డీజిలు నాలుగేళ్ళకే నిలిచిపోయింది. పెట్రోలు, గ్యాసు రకాలు నిలిచాయి.

ఆ నాలుగేళ్ళలోనే అసలు మలుపు ఉంది. డీజిలు ఇన్నాళ్ళు గెలవడానికి దాని గుణం సగం కారణమైతే, ప్రభుత్వం కట్టిన ధర మిగతా సగం. పెట్రోలు ధరను 2010 జూనులో వదిలేసి, డీజిలు ధరను మాత్రం 2014 అక్టోబరు దాకా పట్టి ఉంచారు. 2012 ప్రాంతాలలో లీటరుకు ఇరవై రూపాయలకు పైగా తేడా ఉండేది. ఇప్పుడు ఆ తేడా బాగా కరిగిపోయింది. మన రాష్ట్రంలో పన్ను ఎక్కువ కనుక యానాం మీదుగా వెళ్ళేవారు అక్కడే ట్యాంకు నింపుకోవడం వేరే సంగతి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నియమం వచ్చి డీజిలు పొగగొట్టానికి మసిని పట్టే జల్లెడ పెట్టించింది. ఆ జల్లెడ నిండితే తనంతట తాను మసిని కాల్చుకోవాలి. అందుకు బండి కొంతసేపు ఆగకుండా, ఇంజను బాగా వేడెక్కేటట్లు పరుగెత్తాలి. చెరువు గట్టుమీద అయిదు కిలోమీటర్లు పాకి, గంట ఆగి, మళ్ళీ ఆరు కిలోమీటర్లు పాకే బండికి ఆ అవకాశం ఏది? మసి పేరుకుంటుంది, దీపం వెలుగుతుంది, వర్క్‌షాపుకు పోవాలి. రెండు సిలిండర్ల చిన్న డీజిలును కంపెనీలు ఒక్కొక్కటిగా వదిలి పెట్రోలు, గ్యాసు ఇంజన్ల వైపు మొగ్గడానికి ఆ జల్లెడ ఖరీదు ఒక ముఖ్య కారణం.

గ్యాసు మాట వస్తే గోదావరివాడికి మనసులో ఒక మెలిక పడుతుంది. ఆ గ్యాసు మన కాళ్ళ కింద ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి బద్దలై 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇన్నేళ్ళు ఎరువుల ఫ్యాక్టరీలకు, కరెంటు కర్మాగారాలకు పోయిన గ్యాసు, ఇటీవలి కాలంలో గోదావరి గ్యాస్ వారి బంకులలో మన బండ్లకు దొరుకుతోంది. దొరకడం న్యాయమే. అయితే లెక్క చూడాలి. 200 రెట్ల వాతావరణ పీడనంతో గ్యాసును పట్టి ఉంచే ఉక్కు సిలిండర్ల బరువు మోయవలసిన సరుకులోంచి తగ్గుతుంది. అదే ఇంజను పెట్రోలుమీద ఇచ్చే బలంలో పదోవంతుకు అటూ ఇటూగా గ్యాసుమీద తగ్గుతుంది. బొగ్గు బస్సు నాటి లోటంత కాకపోయినా జాతి అదే. బంకు దగ్గర వరుసలో నిలబడే సమయం మరొక ఖర్చు. పట్టుబడి ఉన్న తెల్లవారుజామున ఆ ఖర్చుకు విలువ కట్టలేము.

బ్యాటరీ బండి సంగతి క్లుప్తంగా చెబుతాను. 2022లో ఏస్ బ్యాటరీ రకం వచ్చింది. విద్యుత్ మోటారు నిలిచి ఉన్న స్థితినుంచే పూర్తి బలం ఇస్తుంది. ఆ ఒక్క గుణంలో అది డీజిలును కూడా మించినది. పట్నంలో మంచినీళ్ళ డబ్బాలు, గ్యాసు బండలు, కిరాణా సరుకు తోలేవారికి రోజూ ఒకే దారి, రాత్రి ఒకే చోట బస కనుక అది సరిపోవచ్చు. ఉప్పునీటి రొయ్యలు కారే తొట్టి కింద, వానాకాలం యనమదుర్రు పొంగినప్పుడు మోకాటిలోతు నీళ్ళలో, అది పదేళ్ళు ఎలా నిలుస్తుందో చెప్పడానికి ఇంకా పదేళ్ళు కాలేదు.

మా శిష్యుడికి నేను వేసిన ప్రశ్నలు మూడు. సగటున ఎంత బరువు వేస్తావు? టన్ను పైచిలుకు అన్నాడు. గట్లమీద నడక ఎంత? రోజులో సగం అన్నాడు. రోడ్డుమీద ఏకబిగిన అరగంట నడిచే ప్రయాణం వారానికి ఎన్నిసార్లు? పాలకొల్లు వైపు, కైకలూరు వైపు రెండు మూడుసార్లు ఉంటుందన్నాడు. అయితే అతనికి రెండున్నర లీటర్ల దరిదాపు, నాలుగు సిలిండర్ల డీజిలు పికప్పే తగినదని, చిన్న పెట్రోలు ఇంజను ఆ గట్లమీద మొదటి గేరులోనే బ్రతుకు వెళ్ళదీస్తుందని, పామర్రు-దిగమర్రు జాతీయ రహదారిమీది ఆ రెండు మూడు పరుగులు జల్లెడకు పథ్యంలా పనిచేస్తాయని చెప్పాను. అతని బరువు అరటన్ను అయి, తిరుగుడు పట్నంలోనే అయి ఉంటే గ్యాసు బండి తీసుకోమనేవాణ్ణి. మైలేజీ పట్టికలు చూపించబోయాడు గాని, ఖాళీ బండితో చదును రోడ్డుమీద తీసిన అంకెలు రొయ్య ట్రేలతో నిండిన బండికి చెల్లవని పక్కన పెట్టించాను.

అతను అడిగిన చివరి మాటకు మాత్రం సమాధానం నా దగ్గర లేదు, ఉండి రోడ్డు షెడ్లలో ఉంది. "పాత బండి నాజిలు మా మెకానిక్కు చెవితో విని చెప్పేవాడండీ. ఇప్పుడేమో కంప్యూటరు తగిలించాలంటున్నారు" అన్నాడు. ఇద్దరం వెళ్ళి విచారించాం. ఆ వరుసలో ఉన్న వర్క్‌షాపులలో రెండింటిలో లోపం చదివే పరికరం ఉంది. అందులో ఒకచోట దానిని పట్టుకుని కూర్చున్నది పాత మెకానిక్కు కొడుకు. తండ్రి పక్కనే స్టూలుమీద ఉన్నాడు. కొడుకు తెరమీద అంకె చదివి చెబుతున్నాడు, తండ్రి తల వంచి ఇంజను చప్పుడు వింటున్నాడు.